వీరేశలింగం పంతులుగారు - విద్యార్థులకు రంగస్థల శిక్షణ

తెలుగులో నాటక రచన ముందు పుట్టింది. నాటక ప్రదర్శన తరువాత వచ్చింది. కోరాడ రామచంద్రశాస్త్రిగారి మంజరీ మధుకరీయం 1860 ప్రాంతానికి చెందిన రచన. వావిలాల వాసుదేవశాస్త్రిగారు 1876లో షేక్స్పియరు జూలియస్ సీజరును సీజరు చరిత్రముగా తెనిగించారు. ఇవి చదువుకొనే గ్రంథాలుగానే నిలిచాయి. నాటకాన్ని పుస్తకంలో నుండి రంగస్థలం మీదికి తెచ్చినది వృత్తి నటులు కారు. ఒక తెలుగు పండితుడు, ఆయన శిష్యులు. కందుకూరి వీరేశలింగం పంతులుగారి జీవితంలోని ఈ ఘట్టం సంఘసంస్కరణ చరిత్ర చాటున కొంత మరుగుపడింది.

1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించిన పంతులుగారికి నాలుగేండ్ల ప్రాయంలోనే పితృవియోగం కలిగింది. కోరంగిలోను, ధవళేశ్వరంలోను ఉపాధ్యాయత్వం నెరపి, 1876 ప్రాంతంలో స్వస్థలంలోని ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా చేరారు. అప్పటికే, 1874లో, వివేకవర్ధని పత్రికను స్థాపించి ఉన్నారు. వకీళ్ళ అక్రమాలను ఎండగడుతూ రచించిన వ్యవహార ధర్మబోధినిని 1880లో తమ విద్యార్థుల చేత ప్రదర్శింపజేశారు. న్యాయస్థానం గల పట్టణంలో, ఆ ఊరి పిల్లలే వకీళ్ళ వేషాలు కట్టి నిలబడడం సామాన్యమైన సాహసం కాదు.

అయితే ధైర్యం ఒక్కటే రంగాన్ని నడపలేదు. తెలుగు దేశంలో అంతవరకు ఉన్నది యక్షగానం, వీధి నాటకం. అక్కడ ఇద్దరు మనుషులు పట్టిన గుడ్డయే తెర, కాగడాలే దీపాలు, గుగ్గిలం చల్లితే లేచే మంటయే ప్రవేశ వైభవం. నాలుగు దిక్కులా ప్రేక్షకులుండే ఆ పద్ధతి వేరు. ఒకవైపు మాత్రమే తెరచి ఉండి, పక్కల నుండి పాత్రలు వచ్చిపోయే వేదిక పద్ధతి వేరు. నాట్యశాస్త్ర ద్వితీయాధ్యాయం వికృష్ట, చతురస్ర, త్ర్యస్ర భేదాలతో ప్రేక్షాగృహాన్ని వర్ణిస్తుంది. నేపథ్యగృహం, రంగశీర్షం ఎక్కడ ఉండాలో చెబుతుంది. కాని ఆ గ్రంథం కావ్యమాలలో అచ్చయినది 1894లో. అంటే 1880 నాటి తెలుగు పండితునికి భరతుని శాస్త్రం కంటె ఒక తాటాకు పాకయే దగ్గరి గురువయింది.

ఆ పాక ధార్వాడ నాటక సమాజం వారిది. వారు రాజమహేంద్రవరం వచ్చి ప్రదర్శనలిచ్చి వెళ్ళిన పిమ్మట, వారు విడిచిన పాకలోనే పంతులుగారు విద్యార్థుల చేత చమత్కార రత్నావళిని ఆడించారు. పేరును బట్టి ఇది శ్రీహర్షుని నాటిక అని భ్రమపడరాదు. ఆ రత్నావళిని కూడా ఆయన వేరుగా తెనిగించారు. చమత్కార రత్నావళికి మూలం షేక్స్పియరు కామెడీ ఆఫ్ ఎర్రర్స్. దీని ఎంపికలోనే ఒక పరీక్ష ఉంది. మూలకథ అంతా రెండు కవల జంటల మీద నడుస్తుంది. ఒక జంటలోని ఇద్దరికీ వేషం, రంగు, తలపాగా ఒక్కటిగా కుదరాలి. చివరి రంగం దాకా ఆ ఇద్దరూ వేదిక మీద ఎదురుపడరాదు. ఒకడు ఏ పక్కన నిష్క్రమించాడో, రెండవవాడు ఎప్పుడు ఏ పక్కన ప్రవేశించాలో తప్పితే కథయే చెడుతుంది. ఆహార్యాభినయమూ ప్రవేశనిష్క్రమణలూ అలంకారాలు కావనీ, కథకు ప్రాణాలనీ బడిపిల్లలకు ఇంతకంటె బాగా బోధించే నాటకం ఉండదు. స్త్రీ పాత్రలు కూడా బాలురే ధరించవలసిన కాలమది.

పంతులుగారు నాటక సమాజ నిర్వహణలో చిరకాలం నిలవలేదు. 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించారు. దానికి అండగా నిలిచిన వారిలో విద్యార్థులు ముఖ్యులు. తరువాతి కాలమంతా ఆ ఉద్యమానికే చెల్లింది. ఇది రంగస్థలానికి నష్టమే అయినా, ఆయనను తప్పుపట్టడానికి వీలులేదు. కొంతకాలం మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పనిచేసి, మరల స్వస్థలం చేరి, 1919 మే 27న పరమపదించారు.

రాజమహేంద్రవరంలో మాత్రం బడికీ రంగానికీ పడిన ముడి వీడలేదు. 1889లో చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి కీచకవధ, మరుసటి ఏడు గయోపాఖ్యానం వెలువడ్డాయి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఒంగోలు నుండి తన వెంట తెచ్చిన ఒక బీద విద్యార్థి చిలకమర్తివారి నాటకాలలో వేషాలు కట్టాడు. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశం.