బూజు కాని బూజు – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పిన తెలుగు కుర్రవాడు ప్రపంచానికి మందులు అందించాడంటే నమ్ముతారా? డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం అదే. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయనను తలచుకుంటున్నాము.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మానడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. మద్రాసులో మూడోసారి రాసి మెట్రిక్ గట్టెక్కారు. మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగినందుకు దొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు.

1922లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేస్తూ చదివారు. హార్వర్డులో 1930లో పిహెచ్.డి. పొందారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు. స్ప్రూను నయం చేసే ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు హెట్రజాన్ ఆయన బృందం కృషి ఫలితాలే.

ఆయన ఆధ్వర్యంలోనే డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనుగొన్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఈ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఆ జీవి పేరు స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్. మైసిస్ అంటే గ్రీకులో శిలీంధ్రం, అంటే మనం బూజు అనే జాతి. దారాలుగా పెరిగి బీజాలు వదులుతుంది కనుక ఇటువంటి జీవులను చాలాకాలం శిలీంధ్రాలలో కలిపారు. కాని దాని కణంలో కేంద్రకం లేదు. అది బ్యాక్టీరియా! వంశం లెక్కన శిలీంధ్రాలకు బ్యాక్టీరియా కంటే మనమే దగ్గరి చుట్టాలం.

ఇలా వేర్వేరు పూర్వీకుల సంతానాన్ని పోలిక చూసి ఒకే గూటిలో పెడితే దానిని పాలీఫైలెటిక్, అంటే బహువంశ సమూహం అంటారు. మన పల్నాడు మిరప నారుమళ్ళలో నారుకుళ్ళు తెచ్చే పిథియం కూడా చూడడానికి బూజే. దాని చుట్టరికం మాత్రం సముద్రపు గోధుమరంగు నాచుతో. అందుకే బూజు మందులన్నీ దానిపై పనిచేయవు. పోలిక నమ్మి మందు కొడితే డబ్బూ పోతుంది, నారూ పోతుంది.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే మరణించారు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. ఇది నిజమైన శిలీంధ్రమే. రెండు పేర్ల తోక ఒకటే, వంశాలు వేరు. 1995లో మన ప్రభుత్వం ఆయన శతజయంతికి తపాలాబిళ్ళ విడుదల చేసింది.

తమ్ముళ్ళారా, సూక్ష్మజీవులకు వంశాలు ఎన్నో ఉండవచ్చు. మనుషులందరిదీ మాత్రం ఒకే వంశమని సైన్సు చెబుతోంది. పుట్టుకను బట్టి, హాస్టల్ పిల్లలని చెప్పి, పరీక్ష తప్పారని చెప్పి మనల్ని వేరే గూటిలో పెట్టేవారికి ఈ జీవితమే జవాబు. మూడోసారి కూడా పరీక్ష రాద్దాం!