రైతు పక్షాన రంగా గారు

గోగినేని రంగనాయకులు అంటే గుర్తుపట్టేవారు కొద్దిమందే గాని, ఆచార్య రంగా గారంటే మా పెద్దల్లో తెలియని రైతులు తక్కువ. 1900లో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, ఆ చదువును రైతు పక్షాన నిలబెట్టిన మనిషి ఆయన.

1951లో కాంగ్రెసు విడిచి కృషికార్ లోక్ పార్టీ పెట్టినారు. కొన్నేండ్లకు తిరిగి కాంగ్రెసులో చేరినారు. 1959లో నాగపూరు మహాసభ సహకార సేద్యానికి తీర్మానం చేయగా మళ్లీ బయటికొచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి తొలి అధ్యక్షులైనారు. భూమి రైతు చేతిలోనే ఉండాల, లైసెన్సు పర్మిట్ల పెత్తనం పోవాల అన్నవి ఆ పార్టీ ఎన్నికల ప్రణాళికలో ముఖ్యం. 1967లో పార్టీకి లోక్‌సభలో 44 స్థానాలొచ్చినాయి. రంగా గారు శ్రీకాకుళంలో గెలిచినారు; మా కర్నూలు స్థానమూ ఆ పార్టీదే. 1971లో దెబ్బతిని, 1974లో వేరే పార్టీలో కలిసిపోయింది.

ఓడిన పార్టీ ప్రణాళిక చిత్తుకాగితమే అంటారు. నేనొప్పుకోను. ఆ సహకార సేద్యం మా నందవరం దాకా రానే లేదు. మా చేను మా నాయన పేరనే ఉంది. అయితే ఆ చేలో కలుపు తీసే కూలీకి ఆ ప్రణాళిక ఏమిచ్చింది?

1995లో కన్నుమూసేదాకా ఆయన రైతు మాటే పలికినారు. సెంటు భూమి లేనివాని మాట పలకడం రైతుబిడ్డలమైన మన వంతు.