కోకా సుబ్బారావు: మనసు, నేరం, న్యాయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- కోకా సుబ్బారావు జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- మతి స్థిమితం లేని వ్యక్తి చేసిన పనిని చట్టం ఎలా చూస్తుందో వివరించగలుగుతారు.

1. జీవితం

కోకా సుబ్బారావు 1902 జులై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, అక్కడే వకీలుగా పనిచేశారు. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

2. గుజరాత్ నుండి వచ్చిన కేసు

పామును కొడుతున్నాననే భ్రమలో ఒక రోగి పక్కన పడుకున్న మనిషిని కొట్టాడనుకోండి. అతడు హంతకుడా? మీరేమంటారు?

తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పని గాని తెలుసుకోలేని మతి భ్రమణంలో చేసిన పని నేరం కాదని 1860 నాటి భారత శిక్షాస్మృతి 84వ సెక్షన్ చెప్పింది. అయితే ఆ స్థితిని ఎవరు రుజువు చేయాలి? ఎంతవరకు చేయాలి?

భార్యను చంపిన నేరంపై శిక్ష పడిన ఒక వ్యక్తి తనకప్పుడు మతి లేదని సుప్రీంకోర్టుకు వచ్చాడు. దహ్యాభాయి కేసుగా పేరుపొందిన ఈ కేసులో 1964లో తీర్పు రాసినది సుబ్బారావుగారే. ఆ తీర్పులోని ముఖ్య విషయాలు ఇవి:

(అ) నేరాన్ని, నేర ఉద్దేశాన్ని సందేహానికి తావు లేకుండా రుజువు చేయవలసినది ప్రాసిక్యూషనే.
(ఆ) ముద్దాయికి మతి ఉన్నదనే కోర్టు మొదట భావిస్తుంది. లేదని అతడు సాక్ష్యంతో చూపవచ్చు. సివిలు దావాలో సరిపోయేటంత రుజువు చాలు.
(ఇ) అంత రుజువు లేకపోయినా, ఆ సాక్ష్యం నేర ఉద్దేశంపై సమంజసమైన సందేహం కలిగిస్తే ముద్దాయిని విడుదల చేయాలి.
(ఈ) చూడవలసినది నేరం జరిగిన సమయంలోని మనఃస్థితి.

ఆ ముద్దాయి సాక్ష్యం ఇందుకు చాలలేదు. శిక్ష ఖాయమైంది. కాని ఆ సూత్రం తరువాతి ముద్దాయిలకు రక్షణగా నిలిచింది.

3. ఒకే మనిషిలో అనేక వ్యక్తిత్వాలు

ఒకే మనిషిలో వేర్వేరు వ్యక్తులు మారిమారి కనిపించే జబ్బు ఒకటి ఉంది. ఈ జబ్బు కారణంగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1978లో బిల్లీ మిలిగన్‌ను నిర్దోషిగా తేల్చి ఆసుపత్రిలో ఉంచారు. మన దేశంలో జబ్బు పేరు ఒక్కటే చాలదు. ఆ క్షణంలో అతడికి తెలివి ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

మగ్గాల పనికి సూరత్ వెళ్ళిన తెలుగువారిలో మీ బంధువులు ఉండవచ్చు. అక్కడి కోర్టుకైనా, మీ జిల్లా కోర్టుకైనా సూత్రం ఒకటే. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లో ఈ నియమం ఉంది.

4. చివరి సంవత్సరాలు

సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967లో పదవి వదలి రాష్ట్రపతి పదవికి పోటీచేసి, జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. 1976 మే 6న మరణించారు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. నేర ఉద్దేశాన్ని రుజువు చేయవలసినది ఎవరు?
2. నేరానికి నెల రోజుల ముందు జబ్బు ఉన్నదని చూపితే చాలునా? ఎందుకు?