హైమన్‌డార్ఫ్ పండితుడును ఓరుగల్లు మన్యమును

ప్రభుత్వమువారి ఉత్తరువు రాజధానిలో బయలుదేరి అడవిలోని గుడిసెను చేరులోపల ఎన్ని చేతులు మారునో, ఏ చేతియందెంత తరుగునో లెక్కగట్టి చెప్పినవారు మన దేశమున అరుదు. దయగల పాలకులు లేకపోలేదు. చట్టములకును కొదువ లేదు. అయినను మన్యమువానికి బడి దొరకదు, వైద్యము దొరకదు, దున్నిన భూమి నిలువదు. ఈ చిక్కునకు మూలమెచ్చటనున్నదో గ్రామగ్రామమును తిరిగి కనుగొనిన పండితుడొకడు గలడు. ఆయన తెలుగువాడు కాడు, భారతీయుడును కాడు. అయినను ఆయన జీవితములోని ముఖ్యభాగము తెలంగాణపు టడవులతో ముడివడియున్నది. నేడు ఓరుగల్లు ప్రాంతపు టడవులలో తలదాచుకొనియున్న కాందిశీకుల అవస్థను తలచునపుడు ఆయన చరిత్రము మఱల చదువదగినదిగా తోచుచున్నది.

క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909 సంవత్సరము జూన్ 22వ తేదీన ఆస్ట్రియా రాజధానియగు వియన్నా నగరమున ఒక కులీన కుటుంబమునందు జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము నభ్యసించి, పిమ్మట లండనులో మాలినౌస్కీ పండితుని సన్నిధిని శిక్షణము పొందెను. ఒక జాతిని గూర్చి వ్రాయదలచినవాడు ఆ జాతి నడుమనే నివసించి, వారి భాష నేర్చి, వారి కష్టసుఖములను కన్నులార చూడవలెనన్నది మాలినౌస్కీ బోధించిన పద్ధతి. ఆ పద్ధతిని చేపట్టి హైమన్‌డార్ఫ్ 1936లో అస్సాము సరిహద్దునందలి నాగా కొండలకు పోయి, కొన్యాకు నాగుల నడుమ కాలము గడపి వచ్చెను.

ఇంతలో 1938 మార్చి మాసమున హిట్లరు ఆస్ట్రియాను కబళించెను. పుట్టిన దేశము పేరే పటమునుండి తొలగిపోగా, హైమన్‌డార్ఫ్ జర్మను ప్రజలలో ఒకడుగా లెక్కింపబడెను. 1939లో ఆయన సహధర్మచారిణి ఎలిజబెత్‌తో కూడ హిందూదేశమునకు వచ్చినపుడు యుద్ధము ప్రారంభమయ్యెను. చేతనున్నది జర్మను పాస్‌పోర్టు గనుక బ్రిటిషువారి దృష్టిలో ఆయన శత్రుదేశీయుడు. అయినను చెరసాలకు పంపక, హైదరాబాదు సంస్థానపు పొలిమేర దాటరాదను కట్టుబాటుతో అచ్చటనే యుండనిచ్చిరి. తన దేశము తనది కాకపోయి, పరదేశమున పరుల అనుమతిపై బ్రతుకుట యెట్టిదో ఆయన స్వానుభవమున తెలిసికొనెను. ఆ నిర్బంధమే తెలంగాణమునకు వరమైనది.

సంస్థానములోపల ఆయన మొదట నల్లమలయందలి చెంచుల కడకు పోయెను. తరువాత గోదావరి గట్టులపై నివసించు కొండరెడ్ల కడకు పోయెను. ఆనాటి వరంగల్లు జిల్లా నేటి జిల్లావలె చిన్నది కాదు. ఖమ్మము జిల్లా 1953లో వేరుపడువరకు పాల్వంచ, ఇల్లెందు తాలూకాలు సైతము వరంగల్లులోనివే. ఉత్తరమున ములుగు అడవులు మొదలుకొని తూర్పున పాపికొండలవరకు ఆ జిల్లా వ్యాపించియుండెను. కావున కొండరెడ్లను గూర్చియు కోయలను గూర్చియు హైమన్‌డార్ఫ్ చేసిన పరిశోధనము చాలవరకు ఓరుగల్లు మన్యమును గూర్చినదే.

అచ్చట ఆయన చూచినదేమి? ఆచార వ్యవహారములను, పెండ్లిండ్లను, పండుగలను వర్ణించుటతో తృప్తిచెందిన పండితులు పూర్వము పలువురు గలరు. హైమన్‌డార్ఫ్ ఆ పనియు చేసెను. కాని దానితోపాటు మఱియొక లెక్కను వ్రాసికొనెను. కొండరెడ్డి నరికిన వెదురు గోదావరిలో తెప్పలుగా కట్టబడి రాజమహేంద్రవరమునకు పోవును. దాని వెల కంట్రాక్టరునకు చేరును. రెడ్డికి దక్కునది కొంత ధాన్యము, కొంత అప్పు. ఆ అప్పు తీరదు. తీరనంతకాలము వాడు కంట్రాక్టరు మనిషి. పోడు కొట్టుకొని బ్రతుకుదమన్న అడవి రిజర్వు చేయబడినది. పల్లపు భూములలో సేద్యము చేయుచుండిన కోయ, పైనుండి వచ్చిన షావుకారుకో, పట్టా పుస్తకము చేతనున్న పట్వారీకో ఆ భూమిని పోగొట్టుకొని, తన చేనిలోనే కౌలుదారు డగుచుండెను. పటేలునకు వెట్టి, గార్డునకు మామూలు, షావుకారునకు వడ్డీ. ఇవన్నియు చెల్లించినపిమ్మట మిగిలినదే కోయకు బ్రతుకు.

ఇందులో నైజాము సర్కారు శాసనముచే విధింపబడినది కొంచెమే. ఎక్కువభాగము శాసనమునకును మనుష్యునకును నడుమ నిలిచినవారు కల్పించుకొనినది. రాజధానిలో కూర్చున్న మంత్రి యెంత మంచివాడైనను, ఉత్తరువు నడచుట పట్వారీ చేతిలోనున్నంతవరకు కోయకు మేలు కలుగదని హైమన్‌డార్ఫ్ గ్రహించెను. ఆయన పరిశోధన కంతటికి ఇదియే సారము.

1940లో ఆదిలాబాదు అడవులలో కొమురం భీము తిరుగుబాటు జరిగెను. అర్జీలు పెట్టి పెట్టి ఫలము గానని గోండులు అడవి శాఖవారి నెదిరించి నిలువగా, పోలీసు కాల్పులలో భీమును ఆతని అనుచరులును మరణించిరి. సర్కారు అప్పుడుగాని మేలుకొనలేదు. కారణములను విచారించుటకు హైమన్‌డార్ఫ్‌ను నియోగించిరి. ఆయన దంపతులు మార్లవాయి అను గోండు పల్లెలో గుడిసె కట్టుకొని కాపురముండిరి. గోండులు ద్రోహులు కారనియు, భూమి గోల్పోయి దిక్కుతోచక తిరుగబడినవారనియు ఆయన నిర్ణయించెను. అంతటితో విరమింపక, చేయదగిన కార్యములను వరుసగా చూపెను.

ఆ కార్యములను పరిశీలించినచో ఆయన బుద్ధికుశలత తెలియును. మొదటిది బడి. బయటి ఉపాధ్యాయుని అడవికి పంపిన ఆతడు నిలువడు, నిలిచినను పిల్లల భాష నెఱుగడు. కావున 1943లో మార్లవాయియందే శిక్షణ కేంద్రమును నెలకొల్పి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసిరి. గోండి భాషలో వాచకములు వ్రాయించిరి. రెండవది భూమి. సాగులోనున్న గోండులకు పట్టాలిప్పించిరి. కొలది సంవత్సరములలో లక్ష ఎకరములకు మించిన భూమి వారి పేర వ్రాయబడెను. మూడవది అధికారము. మామూలు తాలూకా యంత్రాంగమునకు వెలుపల, గిరిజనుల పనికే ప్రత్యేకాధికారులను నియమించిరి. వీరిలో సేతుమాధవరావు పగడీ ముఖ్యుడు; ఈయన గోండి భాషను నేర్చి పల్లెపల్లెకు తిరిగినవాడు, తరువాతి కాలమున మరాఠీలో చరిత్రకారుడుగా ప్రఖ్యాతి గన్నవాడు. ఈ మూడు కార్యములకును లక్ష్యమొక్కటే: నడుమనున్న చేతులను తగ్గించుట.

ఆనాడు సంస్థానపు రెవిన్యూ శాఖను చూచుచుండిన గ్రిగ్సన్ ఈ ప్రయత్నమునకు అండగా నిలిచెను. అంతకు పూర్వము బస్తరు సంస్థానమును పాలించి, అచ్చటి మారియా గోండులను గూర్చి గ్రంథము వ్రాసినవాడు గనుక ఆయనకు మన్యపు సంగతులు క్రొత్తవి కావు. 1945లో హైమన్‌డార్ఫ్ నివేదికలు నాలుగు ఒక సంపుటముగా ప్రకటింపబడెను. వరంగల్లు జిల్లా రెడ్లు, కోయల స్థితి కూడ అందు వివరింపబడినది. ఆ సంవత్సరమే ఆయన నైజాము సర్కారునకు గిరిజన వ్యవహారముల సలహాదారుడయ్యెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధించెను. 1356 ఫసలీలో, అనగా 1946లో, గిరిజన ప్రాంతముల రెగ్యులేషను వెలువడుటకు ఆయన కృషియే పునాది.

ఆయన పనిని మెచ్చుకొనునపుడు దాని లోపమును మఱువరాదు. ఆ సంస్కరణములు ప్రజలు గెలిచికొన్నవి కావు. నిరంకుశ ప్రభువు తిరుగుబాటునకు వెఱచి ఇచ్చినవి. పైనుండి వచ్చినది పైవారు మారినపుడు నిలుచుట కష్టము. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైన పిమ్మట హైమన్‌డార్ఫ్ లండనునకు పోయి, ప్రాచ్య ఆఫ్రికా విద్యాపీఠమున ఆచార్యుడై, నేపాళమునందలి షేర్పాలను గూర్చి వ్రాసి కీర్తి గడించెను. 1976లో ఆ పదవినుండి విరమించెను. ఆ దశాబ్దమున తిరిగి ఆదిలాబాదునకు వచ్చి చూడగా, తాను ఇప్పించిన భూములలో ఎన్నో పరుల చేతులలో నుండెను. గిరిజనుల భూమిని పరులు పొందరాదని 1959లోను, మఱింత కఠినముగా 1970లోను రెగ్యులేషనులు పుట్టియుండెను. కాని రోడ్డు వచ్చినది, రోడ్డువెంట వ్యాపారి వచ్చెను, ప్రత్తి వచ్చెను, అప్పు వచ్చెను. చట్టము మాత్రము కచేరీలో నిలిచిపోయెను. 1981 ఏప్రిలు 20వ తేదీన ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మఱుసటి యేడు భారతీయ గిరిజనుల జీవన పోరాటమును గూర్చి హైమన్‌డార్ఫ్ ప్రకటించిన గ్రంథమున నలువదేండ్ల అనుభవముతోపాటు నలువదేండ్ల ఆశాభంగమును కానవచ్చును.

1987 జనవరిలో ఎలిజబెత్ హైదరాబాదునందు మరణింపగా, ఆమెను మార్లవాయిలో సమాధి చేసిరి. 1995 జూన్ 11వ తేదీన హైమన్‌డార్ఫ్ లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన అస్థికలను గూడ తెచ్చి భార్య సమాధి ప్రక్కనే నిక్షేపించిరి. ఏటేట గోండులు ఆ సమాధులకడ చేరి వారిని స్మరించుచున్నారు.

ఇక ఓరుగల్లు మన్యమునకు వత్తము. 2005లో చత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతమున సల్వాజుడుము అను పేర సాయుధ దళములు లేచెను. ఒకవైపు వారు, వేరొకవైపు మావోయిస్టులు. నడుమ పల్లెలు తగులబడెను. గ్రిగ్సన్ ఒకప్పుడు పాలించిన బస్తరు గడ్డనుండి వేలకొలది కుటుంబములు గోదావరి దాటి నాటి ఖమ్మము, వరంగల్లు జిల్లాల అడవులకు వచ్చెను. 2011లో సుప్రీముకోర్టు ఆ దళముల విధానము రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పినది. కాని పారివచ్చినవారిలో పలువురు ఇచ్చటనే యుండిపోయిరి. గుత్తికోయలని మనము పిలుచుచున్నది వీరినే. దేశపు సరిహద్దు దాటలేదు గనుక వీరు శాస్త్రప్రకారము శరణార్థులు కారు. రాష్ట్రపు సరిహద్దు దాటినారు గనుక స్వస్థలమున గిరిజనులైనను ఇచ్చట ఆ ధ్రువపత్రమునకు నోచుకొనలేదు. అటవీ హక్కుల చట్టము 2005 డిసెంబరు 13వ తేదీకి పూర్వమునుండి అడవిభూమి సాగులోనున్నవారికే పట్టా నిచ్చును. వీరిలో అధికసంఖ్యాకులు ఆ తేదీ తరువాత వచ్చినవారు.

హైమన్‌డార్ఫ్ లెక్కను నేడు మఱల వేసినచో ఏమి తేలును? పట్వారీ లేడు, పటేలు లేడు. వారి స్థానమున తేదీ నిలిచినది, జాబితా నిలిచినది. అడవి శాఖకు వీరు ఆక్రమణదారులు. పంచాయతీకి కొందరు ఓటర్లు, కొందరు కారు. ఓటున్న గూడెమునకు నాయకుడు వచ్చును, లేని గూడెమునకు రాడు. మిరపకోతల రైతునకు వీరు చవుకకూలీలు. కోతలు తీరినపిమ్మట వీరితో ఆతనికి పని లేదు. స్థానికుడైన కోయకు వీరు భాషచే బంధువులు, భూమి విషయమున పోటీదారులు. ఇందఱి నడుమ బోరింగు పంపు ఎవరు వేయవలె, బడి ఎవరు పెట్టవలెనన్న ప్రశ్నకు జవాబుదారి లేడు.

ఈ స్థితి యెంత దూరము పోవునో చూచినాము. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలము జలగలంచలో అటవీ సిబ్బంది గుత్తికోయల గుడిసెలను కూల్చిరి. రెండేండ్లకొకసారి లక్షలాది జనము సమ్మక్క సారలమ్మలకు మ్రొక్కుకొను మేడారము ఆ మండలమునందే యున్నది. 2022 నవంబరులో కొత్తగూడెము జిల్లాలో పోడు తగవున ఒక అటవీ అధికారి హత్య గావింపబడెను. ఆ హత్య ఘోరమైనది, దోషులకు శిక్ష తగినదే. కాని పిమ్మట అచ్చటి పంచాయతీ ఆ గూడెమువారినందఱిని చత్తీస్‌గఢ్‌కు పంపివేయవలెనని తీర్మానించినది. ఒకరి నేరమునకు ఊరిని వెడలగొట్టుట ఏ ధర్మశాస్త్రమునను లేదు.

మార్లవాయి పాఠమును బట్టి చేయదగినది స్పష్టము. గూడెము గూడెమునకు పోయి, ఎవరెప్పుడు వచ్చిరో, ఎవరి పొలమున పని చేయుచున్నారో, ఎవరికేమి చెల్లించుచున్నారో వ్రాయవలెను. వారి భాష నెఱిగిన వారి పిల్లలనే ఉపాధ్యాయులుగాను, ఆరోగ్య కార్యకర్తలుగాను తీర్చవలెను. ఏటూరునాగారము గిరిజనాభివృద్ధి సంస్థలో ఈ పనికే ఒక అధికారిని జవాబుదారిగా నిలుపవలెను. నీరు, టీకా, బడి అను మూడింటిని భూమి తగవుతో ముడిపెట్టక ముందుగా నీయవలెను. స్థానిక కోయల భూమికి ముప్పు కలుగదని వారికే మొదట హామీ యిచ్చి, వారి పెద్దలను, వచ్చినవారి పెద్దలను ఒక చోట కూర్చుండబెట్టవలెను. ఈ కడపటి పనిని విడిచినచో ఇతరములైన వేవియు నిలువవు; నైజాము కాలపు సంస్కరణములు ఎందులకు జారిపోయినవో పైన చూచితిమి.

దేశము గోల్పోయి మన గడ్డపై తలదాచుకొనిన ఒక పరదేశి మన అడవుల కింత సేవ చేసెను. పొరుగు రాష్ట్రమునుండి ప్రాణములు దక్కించుకొని వచ్చిన మనవారికి ఒక బావియు, ఒక బడియు సమకూర్చుట మనకు అసాధ్యమా? ములుగు అడవులలోని గూడెములు ఈ ప్రశ్నకు సమాధానము కొఱకు వేచియున్నవి.