కంఠమార్గ వైద్యుడు షెవాలియర్ జాక్సన్

ఏమియు పాలుపోని స్థితిని గొంతులో పచ్చి వెలగకాయ పడినట్లున్నదని మనవారందురు. నిజముగనే గొంతులో నాణెమో, పిన్నీసో చిక్కుకొన్న పసిబిడ్డకు ఒకప్పుడు బ్రతుకు మీద ఆశ స్వల్పము. అట్టివారిని కాపాడు విద్యను శాస్త్రముగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు షెవాలియర్ జాక్సన్.

ఆయన 1865 నవంబరు 4వ తేదీన పిట్స్‌బర్గు నగరమున జన్మించెను. బక్కపలుచని బాలుడగుటచే తోడిపిల్లలు ఆయనను మిక్కిలి హింసించుచుండిరి. కలిమి లేని కుటుంబమగుటచే, గాజుపాత్రలపై చిత్రములు వ్రాసి చదువునకు ధనము కూర్చుకొనెను. 1886లో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో పట్టము పొందెను. పిమ్మట లండను వెళ్లి, కంఠవైద్యమున నాడు ప్రసిద్ధుడైన మోరెల్ మెకెంజీని దర్శించి, స్వస్థలమునకు మరలివచ్చి వైద్యము ప్రారంభించెను.

అన్నవాహికలోనికి చూచుటకు 1890లో ఆయన ఒక గొట్టమును నిర్మించెను. దాని సాయముతో ఒకరి గొంతునుండి కట్టుడుపళ్లను, ఒక బిడ్డ గొంతునుండి నాణెమును వెలికి తీసెను. కాని అనుభవము లేని వైద్యులు అట్టి పరికరమును వాడి రోగుల ప్రాణములకే ముప్పు తెచ్చిరి. పరికరమున్న చాలదు, దానిని పట్టు చేతికి శిక్షణ కావలెనని ఆయన గ్రహించెను. తరువాత కొసన చిన్న దీపము అమర్చిన గొట్టములను రూపొందించి, శ్వాసనాళములలోనికి సైతము చూపు సాగించెను. తెరచుకొన్న పిన్నీసును లాగినచో మొన లోపలి గోడను చీల్చును. కావున దానిని లోపలనే మూసి తీయు ఉపాయములను శిష్యులకు నేర్పెను. ఊపిరాడని రోగికి శ్వాసనాళమున చేయు రంధ్రము స్వరపేటికకు మరీ చేరువైనచో, పిదప ఆ మార్గము కుంచించుకొనిపోవునని 1921లో వైద్యలోకమును హెచ్చరించెను. నడుమ క్షయవ్యాధి ఆయనను పలుమారులు మంచము పట్టించెను. అయినను ఆయన పని మానలేదు.

ఆ కాలమున అమెరికాలో ఇండ్లు శుభ్రపరచుటకు కాస్టిక్ సోడా వంటి క్షారములు వాడుచుండిరి. అవి ప్రమాదకరమని తెలుపు హెచ్చరిక డబ్బాలపై సరిగా ఉండెడిది కాదు. చక్కెర యనుకొని నోట వేసుకొన్న బిడ్డల అన్నవాహిక కాలి, మానునపుడు ముడుచుకొనిపోయెడిది. గుక్కెడు నీరైనను దిగని ఒక చిన్న బాలికను ఆయన కడకు తెచ్చిరి. ఆయన గొట్టము దింపి అడ్డు తొలగింపగా, ఆ బిడ్డ నీరు త్రాగి, ఆయన చేతిని ముద్దాడెను.

ఒక్కొక్క గొంతును బాగుచేయుటతో తన ధర్మము తీరినదని ఆయన తలంపలేదు. డబ్బాపై విషమను మాటయు, ప్రమాదము జరిగినచో చేయవలసిన చికిత్సయు ముద్రింపవలెనని ఏండ్ల తరబడి పోరాడెను. ఎట్టకేలకు 1927లో అమెరికా ప్రభుత్వము ఆ మేరకు శాసనము చేసెను.

ఆయన 1958లో తన 92వ యేట కన్నుమూసెను. రోగుల కంఠములనుండి, ఊపిరితిత్తులనుండి తీసి భద్రపరచిన రెండువేలకు పైబడిన వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ ప్రదర్శనశాలలో ఉన్నవి. ఆయన రక్షించిన ప్రాణములకు అవి సాక్ష్యము. డబ్బాపై నున్న ఆ ఒక్క మాట వలన, ఆయన కడకు రావలసిన అవసరమే కలుగని బిడ్డలకు మాత్రము లెక్క లేదు.