తాకట్టు విడిపించలేకపోయిన దివాన్

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియం చూసినవాళ్లెవరూ మేలిముసుగు రెబెకాను మరిచిపోరు. పాలరాతి బొమ్మే అయినా పల్చటి ముసుగు వెనక మొహం కనిపిస్తున్నట్టే ఉంటుంది. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించింది మూడో సాలార్‌జంగ్ అయితే, ఈ రెబెకాను 1876లో ఇటలీ నుంచి తెచ్చింది ఆయన తాతగారు, మొదటి సాలార్‌జంగ్. అయితే ఆ పెద్దాయన యూరప్ వెళ్లింది బొమ్మల కోసం కాదు. ఆయన మనసులో ఉన్నది బీరారు. అప్పు కింద ఆంగ్లేయుల చేతికి పోయిన సీమను వెనక్కి తెచ్చుకోవాలన్నదే ఆయన జీవితకాలపు పట్టుదల. బొమ్మ వచ్చింది గానీ బీరారు రాలేదు.

ఆయన అసలు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1829 జనవరి 21న, నిజాములకు దివాన్లను ఇచ్చిన కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే పెద్దల చాటున పెరిగారు. తండ్రి సోదరుడు సిరాజ్-ఉల్-ముల్క్ దివాన్‌గా ఉండగా రాజ్యం అప్పుల్లో పీకలదాకా కూరుకుపోయింది.

ఆ అప్పు ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. మొదట పామర్ కంపెనీ అనే వడ్డీవ్యాపార సంస్థ నిజాంకు నూటికి పాతిక రూపాయల దాకా వడ్డీకి డబ్బిచ్చింది. అది తీర్చడానికి 1823లో నిజాం, ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ తనకు ఏటా కట్టే 7 లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. ఉత్తర సర్కారులంటే మన కోస్తా జిల్లాలే.

ఆ తర్వాత వచ్చింది కంటింజెంట్ సైన్యం. జీతాలివ్వాల్సింది నిజాం, అజమాయిషీ మాత్రం ఆంగ్లేయులది. ఖర్చు ఏడాదికి దాదాపు 40 లక్షలు. పొరుగింటావిడ మన ఇంట్లో వంటమనిషిని తనే కుదిర్చి, జీతం తనే నిర్ణయించి, మనం ఇవ్వడం ఆలస్యమైతే తనే ఇచ్చేసి మన పేరున వడ్డీతో రాసుకుంటే ఎలా ఉంటుంది? అచ్చం అలాగే జరిగింది. నిజాం తన నగలు కూడా కుదువ పెట్టవలసి వచ్చింది. చివరికి 1853 మే 21న సంతకాలైన ఒప్పందం ప్రకారం బీరారు, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు ఆంగ్లేయుల చేతికి వెళ్లాయి. సైన్యం ఖర్చు పోగా మిగిలిన డబ్బు లెక్క చెప్పి ఇస్తామన్నారు. కొద్ది రోజులకే సిరాజ్-ఉల్-ముల్క్ కన్నుమూశారు. మే 31న దివాన్ పదవి 24 ఏళ్ల కుర్రాడి భుజాల మీద పడింది.

ఖజానా ఖాళీ. జిల్లాలకు జిల్లాలే అరబ్బు, రోహిల్లా వడ్డీ వ్యాపారుల తాకట్టులో ఉన్నాయి. సాలార్‌జంగ్ ముందు ఆ భూములను ఒక్కొక్కటిగా విడిపించారు. పన్నుల వసూలును వేలంపాటలో గుత్తకిచ్చే పద్ధతి తీసేసి, జీతం మీద పనిచేసే తాలూక్‌దార్లను పెట్టారు. ఊరికో టంకశాల ఉన్న రోజుల్లో రాజ్యమంతటికీ చెల్లే హాలీ సిక్కా నాణెం తెచ్చారు. 1865లో జిలాబందీ పేరుతో రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. దార్-ఉల్-ఉలూమ్ వంటి బళ్లు పెట్టించారు. దూబరా చేసే ఇంటిని ఒక బాధ్యత తెలిసిన కోడలు చక్కదిద్దినట్టు ఆయన సర్దుకొచ్చారు.

ఇంతలో 1857 వచ్చింది. జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. దివాన్ ఆంగ్లేయుల పక్షాన నిలబడ్డారు. ఆ మాట ఇవాళ వినడానికి కష్టంగానే ఉంటుంది. తుర్రెబాజ్ ఖాన్‌ను వీరుడిగా తలుచుకునే మనం సాలార్‌జంగ్‌ను ఆ ఒక్క విషయంలో పూర్తిగా మెచ్చుకోలేం.

ఆ స్నేహానికి ప్రతిఫలం 1860లో వచ్చింది. రాయచూరు, ధారాశివ్ తిరిగి ఇచ్చారు. 50 లక్షల అప్పు రద్దు చేశారు. సురపురం సంస్థానం కూడా కలిపారు. బీరారు మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. పైగా అక్కడి జమాఖర్చుల లెక్క ఇక అడగనని నిజాం చేత ఒప్పించుకున్నారు. అడగకూడని లెక్కలో మిగులు ఎంతని ఎవరు చెప్పగలరు? బీరారు నల్లరేగడి పత్తికి పుట్టినిల్లు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి రాక ఆగిపోయేసరికి, మాంచెస్టర్ మిల్లుల కళ్లన్నీ మన దేశపు పత్తి మీదే పడ్డాయి.

1869లో మూడేళ్లయినా నిండని మహబూబ్ అలీ ఖాన్ నిజాం కావడంతో సాలార్‌జంగ్ రాజప్రతినిధుల్లో ఒకరయ్యారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు నడిచింది. దానికీ ఖర్చు నిజాం ఖజానాదే. మా బొంరాస్‌పేట వాళ్లం రైలెక్కడానికి వెళ్లే తాండూరు, వికారాబాదు స్టేషన్లు ఆ లైను మీదివే.

1870ల్లో ఆయన మళ్లీ బీరారు మాట ఎత్తారు. సైన్యం జీతాలకు వడ్డీ సరిపోయేంత సొమ్ము ఒక్కసారే జమ చేస్తాం, మా సీమ మాకిచ్చేయండి అన్నది ఆయన ప్రతిపాదన. న్యాయంగా అప్పిచ్చినవాడు సంతోషించాలి కదూ! వాళ్లు ఒప్పుకోలేదు. 1876లో ఇంగ్లండు ప్రయాణమయ్యారు. దారిలో పారిస్ హోటల్ మెట్ల మీద జారిపడి తొడ ఎముక విరిగింది. అయినా ఆగలేదు. లండన్‌లో గౌరవ పౌరసత్వం ఇచ్చారు, ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ ఇచ్చారు, విక్టోరియా రాణి దర్శనమిచ్చారు. బీరారు తప్ప అన్నీ ఇచ్చారు. ఆ తర్వాత ఆయనకు పడని మనిషినే తెచ్చి ఆయన పక్కన సహ రాజప్రతినిధిగా కూర్చోబెట్టారు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి సాలార్‌జంగ్ కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 54 ఏళ్లు. అదే ఏడాది నిజాం రైల్వేను లండన్ కంపెనీకి అప్పగించే ఒప్పందం కుదిరింది. 20 ఏళ్లపాటు నూటికి 5 రూపాయల వడ్డీకి పూచీ నిజాం సర్కారుదే. చాందా రైల్వే పేరుతో సాగిన ఆ వ్యవహారాన్ని ప్రశ్నించిన అఘోరనాథ్ చట్టోపాధ్యాయను హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. ఆయన మన సరోజినీ నాయుడు తండ్రి. 1902లో లార్డ్ కర్జన్ బీరారును ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు రాయించుకున్నాడు.

ఈ దారిలోనే కొన్నాళ్లకు అమెరికా కూడా నడిచింది. 1905లో అప్పులపాలైన డొమినికన్ రిపబ్లిక్ కస్టమ్స్ వసూళ్లను తన చేతుల్లోకి తీసుకుంది. 1909 నుంచి 1913 వరకు టాఫ్ట్ అధ్యక్షుడిగా ఉండగా ఈ పద్ధతికి డాలర్ దౌత్యం అనే పేరు స్థిరపడింది. నికరాగువాలో 1911లో కస్టమ్స్ చేతికి వచ్చింది, మరుసటి ఏడాది సైనికులూ దిగారు. ముందు బ్యాంకు, వెనక తుపాకీ.

సాలార్‌జంగ్ రాజ్యాన్ని అప్పుల్లోంచి గట్టెక్కించారు, అది చిన్న పని కాదు. కానీ అప్పిచ్చినవాడికి కావలసింది డబ్బు కాదు, పొలం అయినప్పుడు డబ్బు కట్టినా పత్రం తిరిగి రాదు. ఇల్లు నడిపే మనకిది కొత్త సంగతేం కాదు. అప్పు తీసుకునే ముందు వడ్డీ ఒక్కటే చూస్తే చాలదు, లెక్క ఎవరి చేతిలో ఉంటుందో, ఆ లెక్క అడిగే హక్కు మనకు మిగులుతుందో లేదో కూడా చూసుకోవాలి.