హృదయమునకు దారి చూపిన వైద్యుడు

హృదయము తల్లిగర్భముననే పనికి పూనుకొని, తుదిశ్వాస వరకును విశ్రాంతి నెరుగక కొట్టుకొనుచుండును. ఒకప్పుడు వైద్యులు సైతము బ్రతికియున్న మనుజుని హృదయమును తాకుటకు భయపడెడివారు. ఆ భయమును తన దేహముపైననే పరీక్షించి చూచిన సాహసి వెర్నర్ ఫోర్స్‌మన్.

ఆయన 1904వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జర్మనీ దేశమందలి బెర్లిన్ నగరమున జన్మించెను. తండ్రి మొదటి ప్రపంచయుద్ధమున మరణించెను. ఫోర్స్‌మన్ బెర్లిన్ విశ్వవిద్యాలయమున వైద్యశాస్త్రము నభ్యసించి, 1929లో ఎబర్స్‌వాల్డె పట్టణమందలి వైద్యశాలలో చేరెను.

ఆ కాలమున ఆపత్సమయమందు హృదయమునకు మందు నందించుటకై వైద్యులు రొమ్ముగుండ సూదిని గ్రుచ్చెడివారు. గురి తప్పినచో లోపల రక్తస్రావమై రోగి మరణింపవచ్చును. నదులు సముద్రమును చేరునట్లు దేహమందలి సిరలు హృదయమును చేరును గదా, ఆ మార్గముననే సన్నని గొట్టమును పంపరాదా యని ఫోర్స్‌మన్ యోచించెను. గుర్రపు మెడసిరగుండ హృదయములోనికి గొట్టమును పంపిన చిత్రమును ఆయన యొక గ్రంథమున చూచియుండెను.

పై అధికారి ఈ ప్రయోగమునకు సమ్మతింపలేదు. శస్త్రపరికరములు గెర్డా డిట్సెన్ అను నర్సు అధీనమున నుండెను. ఫోర్స్‌మన్ యుద్దేశమును విని ఆమె తన దేహముపైననే ప్రయోగము చేయుమనెను. ఆయన ఆమెను బల్లపై పరుండబెట్టి బంధించి, ఆమె చూడకుండ తన యెడమ మోచేతి మడతయొద్ద సిరను కోసి గొట్టమును దూర్చెను. పిదప ఆమె కట్లు విప్పి, ఆమెతో గూడ మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడచిపోయెను. ఆమె పట్టుకొన్న యద్దమున తెరపై నీడను చూచుకొనుచు, 65 సెంటీమీటర్ల యా గొట్టపు కొనను కుడి కర్ణికకు చేర్చి ఛాయాచిత్రము తీయించెను.

నమ్మిన నర్సును వంచించుట తగని పని. కాని అపాయమును ఇతరులపై మోపక తానే భరించుట ఆయన గొప్పతనము. ఆ సంవత్సరమే ఈ వృత్తాంతము ప్రకటితమయ్యెను. మెప్పునకు మారు ఆయనకు నిందలే దక్కెను. బెర్లిన్ నగరమందలి పెద్ద వైద్యశాలలో కొలువు నిలువలేదు. తుదకు ఆయన మూత్రవ్యాధుల చికిత్సను వృత్తిగా గైకొనెను. 1932లో నాజీపక్షమున చేరుట ఆయన జీవితమునకు మచ్చ. రెండవ ప్రపంచయుద్ధమున సైనికవైద్యుడై, అమెరికనులకు బందీయై, పిమ్మట పల్లెలో వైద్యము చేయుచు కాలము గడపెను.

ఇంతలో అమెరికాలో కూర్నాన్, రిచర్డ్స్ అను వైద్యులు ఆయన చూపిన దారినే పోయి హృద్రోగముల నెన్నింటినో శోధించిరి. 1956లో ఆ మువ్వురికిని నోబెల్ బహుమానము లభించెను. ఫోర్స్‌మన్ 1979 జూన్ 1వ తేదీన హృద్రోగముచేతనే మరణించెను.

1958లో న్యూయార్క్ నగరమున ఫర్మన్ అను వైద్యుడు సిరగుండనే విద్యుత్తీగను హృదయములోనికి పంపి, మందగించిన గుండెను క్రమముగా కొట్టుకొనజేసెను. నేడు పేస్‌మేకర్ తీగలను సాధారణముగా మెడయెముక క్రిందనున్న సిరగుండ పంపుదురు. అయితే సిరల యమరిక అందరికి నొక్కరీతిగా నుండదు. గర్భస్థశిశువునకు ఎడమప్రక్కను గూడ నొక పెద్దసిర యుండును. అది సాధారణముగా పుట్టుకకు ముందే కృశించిపోవును. వందలో ఒకరికంటె తక్కువమందికి మాత్రము నిలిచిపోవును. అట్టివారికి ఎడమవైపునుండి పంపిన తీగ హృదయపు వెనుకభాగమున చుట్టి కర్ణికను చేరును. అచ్చటినుండి కుడి జఠరికలోనికి మరలుట దుర్ఘటము. అప్పుడు వైద్యుడు కలవరపడక, సిరలోనికి మందు నెక్కించి ఎక్స్‌రే తెరపై దారిని కనుగొని, తీగను కర్ణికలో వలయముగా త్రిప్పి పంపును. లేదా కుడివైపు సిర నాశ్రయించును.

నేటి వైద్యుడు ఊహను నమ్మక తెరపై దారిని చూచి నడచుచున్నాడు. ఎబర్స్‌వాల్డెలో ఆ యువకుడు అద్దమున చూచుకొనుచు చేసిన పని యదియే.